ఫ్రెంచి టేస్టు వెనక ఒక లెక్కల మంత్రి

ఈమధ్య ఒక యూట్యూబ్ ఇంటర్వ్యూలో హైదరాబాద్ డిజైనర్ ఒకావిడ భలే ధీమాగా ఒక మాట అంది. "ఫ్రెంచి వాళ్ళకి టేస్టు రక్తంలోనే ఉంటుందండీ, మనవాళ్ళకి ఎంత నేర్పినా ఆ ఫినిషింగ్ రాదు" అని. యాంకర్ తల ఊపేశాడు, కింద కామెంట్లలో కూడా అందరూ నిజమే నిజమే అనేశారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. దేశభక్తి పొంగుకొచ్చి కాదు లెండి, మనవాళ్ళ ఫినిషింగ్ మీద నాకూ బోలెడు కంప్లయింట్లు ఉన్నాయి, బ్లౌజు కుట్టించుకున్న ప్రతిసారీ ఉంటాయి. కానీ ఈ రక్తం కబుర్లున్నాయే, ఇవి చరిత్రని నీట్‌గా మింగేస్తాయి.

ఎందుకంటే 1600 ప్రాంతంలో పారిస్‌లో బాగా డబ్బున్న మనిషిని నిలబెట్టి చూస్తే ఒంటి మీద ఫ్రెంచిది అని చెప్పుకోడానికి పెద్దగా ఏమీ కనపడదు. మంచి పట్టు కావాలంటే ఇటలీ, లేసు కావాలంటే వెనిస్ లేదా ఇప్పటి బెల్జియం వైపున్న ఫ్లాండర్స్, అద్దం కావాలంటే మళ్ళీ వెనిస్. బట్టలు ఎలా వేసుకోవాలో చెప్పేది స్పెయిన్ దర్బారు, ఆ నల్ల బట్టలూ గట్టి కాలర్లూ అన్నీ అక్కడివే. ఫ్రాన్స్ కొనేది, డబ్బు బయటికి పోయేది. వందేళ్ళు తిరిగేసరికి కథ మొత్తం తిరగబడి యూరప్ అంతా పారిస్ నుంచి కొనుక్కుంటోంది. వందేళ్ళలో ఒక దేశం రక్తం మారిపోతుందా? పోదు కదా. మరి ఏం మారింది అంటే నా సమాధానం ఒకటే, ఒక గవర్నమెంటు కూర్చుని లెక్కలేసింది.

ఆ లెక్కలు వేసినాయన జాన్ బాప్టిస్ట్ కోల్బేర్. రీమ్స్ ఊళ్ళో బట్టల వ్యాపారం చేసుకునే కుటుంబం వాళ్ళది, ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ దగ్గర 1665లో ఆర్థిక వ్యవహారాలన్నీ చూసే పెద్ద మంత్రి అయ్యాడు. "స్పెయిన్‌కి పెరూ గనులెలాగో ఫ్రాన్స్‌కి ఫ్యాషన్ అలాగ" అన్నాడని ఆయన పేరు మీద ఒక కొటేషన్ తిరుగుతుంటుంది. నిజంగా అన్నాడనడానికి ఆధారం దొరకదు, కానీ ఆయన చేసిన పనులు చూస్తే అనకపోయినా అన్నట్టే. ఆయనకి అందం మీద మోజు ఉన్నట్టు ఎక్కడా కనపడదు, ఆయన గోలంతా దేశంలోంచి వెండీ బంగారం బయటికి పోకూడదు అనే.

అద్దాల కోసం మనుషుల్ని ఎత్తుకొచ్చారు

వెనిస్ పక్కన మురానో దీవిలో అద్దాలు చేసే పనివాళ్ళు ఆ విద్య బయటి దేశానికి పట్టుకెళ్తే శిక్షలుండేవి, వెళ్ళినవాడి కుటుంబాన్ని పట్టుకుని కూర్చునేవాళ్ళు. కోల్బేర్ తన రాయబారి చేత గుట్టుగా డబ్బు ఆశ చూపించి కొంతమందిని పారిస్ రప్పించాడు. 1665లో రాజుగారి అద్దాల కార్ఖానా పెట్టారు. వెనిస్ వాళ్ళు ఊరుకోలేదు, బెదిరింపులు, బతిమాలడాలు, తిరిగొస్తే క్షమిస్తాం అనడాలు. 1667లో ఇద్దరు మంచి పనివాళ్ళు ఉన్నట్టుండి చనిపోతే విషం పెట్టించారని పుకారు లేచింది. చాలామంది భయపడి వెనక్కి వెళ్ళిపోయారు కూడా, కానీ అప్పటికే ఫ్రెంచి కుర్రాళ్ళు పక్కన నిలబడి చూసి కొంత పట్టేశారు. తర్వాత వెనిస్ అద్దాల దిగుమతే ఆపేశారు. 1684కల్లా వెర్సాయ్ రాజభవనంలో 73 మీటర్ల పొడవు హాలు, 17 ఆర్చీలు, 357 అద్దాలు, అన్నీ లోకల్ తయారీవే. దేశదేశాల రాయబారుల్ని ఆ హాల్లోంచి నడిపించేవాళ్ళు. దాన్ని నేను రాజభవనం అనుకోను, షోరూమ్ అనుకుంటాను. ఆ కార్ఖానా ఏమైందంటే మన అపార్ట్‌మెంట్ల కిటికీ అద్దం మూల మీద సన్నగా సెయింట్ గోబైన్ అని ఉంటుంది చూడండి, అదే కంపెనీ.

లేసుదీ ఇదే వరస. వెనిస్ నుంచి లేసు అల్లే ఆడవాళ్ళని తెప్పించి, 1665లో ఒక కంపెనీకి పదేళ్ళ గుత్తాధిపత్యం ఇచ్చి, ఇకనుంచి లేసు అల్లాలంటే ఆ కంపెనీ కిందే అల్లాలి అన్నారు. అలాన్సోన్ అనే ఊళ్ళో అప్పటికే ఇళ్ళల్లో కూర్చుని లేసు అల్లుకుని బతికే ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు, వాళ్ళు వీధుల్లోకొచ్చి గొడవ చేశారు. చేయరా మరి, నిన్నటిదాకా తన చేతిలో ఉన్న పని మీద ఇవాళ ఎవడో పర్మిషన్ ఇస్తానంటే. ఫ్రెంచి లేసు ఎంత గొప్పదో చెప్పే వీడియోల్లో ఈ అలాన్సోన్ ఆడవాళ్ళు నాకెక్కడా కనపడలేదు.

గోబెలిన్ కార్ఖానా కూడా 1662లో కోల్బేరే కొన్నాడు, చార్లెస్ లె బ్రన్ అనే చిత్రకారుణ్ణి పైన కూర్చోబెట్టి చిత్ర తెరలు, ఫర్నిచర్, వెండి సామాను అంతా ఒక్క కప్పు కింద చేయించారు, ఒకే చేతి డిజైన్‌తో. ఇప్పుడు బ్రాండ్ గైడ్‌లైన్స్ అని కార్పొరేట్ వాళ్ళు చెప్పే ముచ్చట అదే.

తొమ్మిదడుగుల స్తంభం

ఇక ఫినిషింగ్ సంగతి. ఆ డిజైనర్‌గారు రక్తం అన్నది దీని గురించే కదా.

బట్ట ఎంత వెడల్పు ఉండాలి, ఎన్ని పోగులుండాలి, రంగు ఏ దినుసుతో వేయాలి అని 1669 నుంచి రూళ్ళ మీద రూళ్ళు. ఊరూరికీ ఇన్‌స్పెక్టర్లు. చూసి బాగుంటే సీసం ముద్ర వేస్తారు, ముద్ర లేని బట్ట అమ్మకూడదు. 1670 డిసెంబర్‌లో వచ్చిన ఆర్డరైతే చదివితే నవ్వూ వస్తుంది భయమూ వేస్తుంది. నాసిరకం బట్ట దొరికితే దాన్ని తొమ్మిదడుగుల ఎత్తు స్తంభానికి కట్టి, చేసినవాడి పేరు రాసి వేలాడదీయాలి, రెండ్రోజులు ఊరంతా చూశాక ముక్కలు చేయాలి లేదా తగలబెట్టాలి. మళ్ళీ చేస్తే వాణ్ణి వాడి సంఘంలో అందరి ముందూ చీవాట్లు పెట్టాలి. మూడోసారి కూడా చేస్తే ఈసారి బట్టతో పాటు మనిషినీ స్తంభానికి కట్టి రెండు గంటలు నిలబెట్టాలి.

ఇదండీ రక్తం. నడిబజార్లో కట్టేస్తారన్న భయం తరతరాలు పనిచేస్తే అది చేతికి అలవాటైపోతుంది, ఇంకో వందేళ్ళకి ఆ అలవాటుకే టేస్టు అని పేరు పెడతారు.

ఇక్కడ నాకే ఒక అనుమానం వస్తుంది, చెప్పేస్తాను. ఇంత స్ట్రిక్టుగా ఉంటే కొత్తదనం చచ్చిపోదా? చాలామంది ఆర్థిక చరిత్ర రాసేవాళ్ళు అదే అంటారు, కోల్బేర్ రూళ్ళు పరిశ్రమని బిగించేశాయి, ఆయన పెట్టిన కార్ఖానాలు, కంపెనీలు చాలా వరకూ మూతపడ్డాయి అని. నిజమే. లేసు గుత్తాధిపత్యం 1675లో పోయింది, ఆయన 1664లో పెట్టిన ఈస్టిండియా కంపెనీ కుంటుకుంటూ నడిచింది. ఇంకా దారుణం ఏమిటంటే కోల్బేర్ పోయిన రెండేళ్ళకి, 1685లో, రాజుగారు ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛ రద్దు చేసేశాడు, రెండు లక్షల మంది దాకా దేశం వదిలిపోయారు, వాళ్ళల్లో పట్టు నేతవాళ్ళు, గడియారాల వాళ్ళు ఎందరో. లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు వాళ్ళ చేతుల మీదుగానే వెలిగింది. వెనిస్ నుంచి మనుషుల్ని దొంగిలించి తెచ్చుకున్న దేశం తన మనుషుల్ని తనే గెంటేసింది.

అయినా పారిస్ పడిపోలేదు కదా, ఎందుకు? ఇక్కడ కోల్బేర్ ఒక్కడితో కథ సరిపోదు. 1682 నుంచి దర్బారు వెర్సాయ్‌కి మారి పెద్ద పెద్ద ప్రభువులంతా రాజు కళ్ళముందే ఉండాల్సొచ్చింది, అక్కడ ఉండాలంటే బట్టలు మారుస్తూ ఉండాలి, పాత కోటుతో కనపడితే పరువు తక్కువ. అప్పులు చేసి మరీ కొన్నారు. పారిస్‌లో వాళ్ళని చూసి డబ్బున్న వర్తకులు కొన్నారు. మెర్క్యూర్ గాలాన్ అని 1672లో మొదలైన పత్రిక ఈ సీజన్లో ఏం వేసుకుంటున్నారో బొమ్మలతో సహా వేయడం మొదలెట్టింది. లియాన్ పట్టు వాళ్ళయితే ఏటా డిజైన్ మార్చేసేవాళ్ళు, పక్క దేశం వాడు కాపీ కొట్టి మగ్గం ఎక్కించేసరికి అది పాతబడిపోవాలి, అదీ ప్లాను. 1675లో ఆడవాళ్ళ బట్టలు ఆడవాళ్ళే కుట్టే సంఘానికి రాజముద్ర దొరికింది, అంతవరకూ మగ దర్జీలదే రాజ్యం. ఇంకో వందేళ్ళకి రోజ్ బెర్తిన్ అనే ఆవిడ మేరీ ఆంత్వానెత్ రాణిగారికి అలంకారాలు చేసే స్థాయికొచ్చింది, జనం ఆవిణ్ణి ఫ్యాషన్ మంత్రి అని ఎగతాళి చేసేవాళ్ళు. ఎగతాళే గానీ అందులో నిజం ఉంది, ఆవిడ షాపు చూపించిన టోపీ యూరప్ అంతా చెల్లేది.

కాబట్టి తోసింది గవర్నమెంటు, ఆ తర్వాత లాక్కెళ్ళింది బజారు. నేను కోల్బేర్‌కి గుడి కట్టమనట్లేదు.

కృష్ణా జిల్లా బట్ట, కృష్ణా ఒడ్డు రాయి

ఈ కథలో మనం ఎక్కడున్నామో చాలామందికి తెలియదు, నేను ఊరికే కలుపుతున్నాను అనుకోకండి. కోల్బేర్ కంపెనీ మన తూర్పు తీరంలో మొదట కాలు మోపింది మచిలీపట్నంలో, 1669లో, గోల్కొండ సుల్తాను ఫర్మానాతో. బందరులో ఫ్రెంచి పేట అన్న పేరు అప్పటి మిగులే. వాళ్ళు పట్టుకెళ్ళినవాటిలో మన అద్దకం బట్టలున్నాయి. ఉతికినా రంగు పోని పూల నూలు బట్ట యూరప్ వాళ్ళు అంతవరకూ ఎరగరు. పిచ్చెక్కిపోయారు. ఎంత పిచ్చంటే లియాన్ పట్టు వాళ్ళూ ఉన్ని నేతవాళ్ళూ గోల పెడితే 1686లో ఆ బట్టని తేవడం, దేశంలో అచ్చేయడం బ్యాన్ చేశారు, తర్వాత కట్టుకోవడం కూడా. దొంగ సరుకు తెచ్చేవాళ్ళని ఓడల్లో తెడ్లు వేసే శిక్షకి పంపేవాళ్ళు, ఆ బట్ట వేసుకుని కనబడ్డ ఆడవాళ్ళకి జరిమానాలు. తర్వాతి రాజు పదిహేనో లూయీ ప్రియురాలు పాంపదూర్ తన ఇంట్లోనే వాడుకుంది, ఆవిణ్ణి ఎవరడుగుతారు. బ్యాన్ 1759దాకా నడిచింది.

ఆ మధ్యలో ఏం చేశారంటే, మన దగ్గరికి నేర్చుకోడానికొచ్చారు. పుదుచ్చేరి వైపు ఉన్న కేర్దూ అనే జెస్యూట్ ఫాదర్, తెలుగు బాగా నేర్చి ఫ్రెంచిలో నిఘంటువు కూడా తయారు చేసినాయన, 1742లో ఒక పెద్ద ఉత్తరం రాశాడు, మతం మారిన అద్దకం పనివాళ్ళని అడిగి అడిగి. బట్టని కరక్కాయా గేదెపాలలో ఎలా నానబెట్టాలి, ఎండలో ఎలా ఆరబెట్టాలి, పటిక ఎక్కడ వేస్తే చిరివేరు ఎరుపు అక్కడే పట్టుకుంటుంది, అన్నీ మెట్టు మెట్టుగా. ఆ ఉత్తరం ఫ్రాన్స్‌లో అచ్చయింది. వాళ్ళు పూర్తిగా దీన్ని చూసే నేర్చుకున్నారు అనను, మార్సే రేవులో అర్మేనియన్ల దగ్గర అంతకు ముందే కొంత పట్టారు. కానీ బ్యాన్ ఎత్తేసిన మరుసటి ఏడే, 1760లో, ఒబెర్‌కాంఫ్ అనే జర్మన్ కుర్రాడు జూయీ అన్న ఊళ్ళో కార్ఖానా పెట్టేశాడు. ఇవాళ హోటల్ గదుల్లో కర్టెన్ల మీద తెల్లటి గుడ్డ, దాని మీద ఒక్క రంగులో పల్లెటూరి బొమ్మలు ఉంటాయే, క్లాసిక్ ఫ్రెంచ్ అంటారు, దాని పుట్టుక అక్కడ.

పోయినేడాది బంధువుల పెళ్ళికని బందరు వెళ్తూ పెడనలో ఆగాం. రేకుల షెడ్డులో గోనెపట్టాలు పరిచిన పొడుగాటి బల్ల, దాని మీద కరక్కాయతో కాస్త పచ్చబడ్డ బట్ట, ఒక పెద్దాయన టేకు అచ్చుని రంగు తట్టలో ఒత్తి బట్ట మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతున్నారు. కొలత గీతల్లేవు, ముందేసిన పువ్వు అంచు చూసుకుని పక్కది పెట్టేస్తున్నారు, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. నల్లరంగు తుప్పు ఇనుమూ బెల్లం నీళ్ళూ కలిపి మగ్గబెట్టిందిట, కుండ మీద గుడ్డ తీస్తే ఆ పులుపు వాసన ముక్కుకి కొట్టింది. రేటు గురించి మాటొచ్చి, బజార్లో ఇదే సగానికి దొరుకుతోంది కదండీ అన్నాను. ఆయన అచ్చు ఆపకుండానే "అది స్క్రీన్ ప్రింటమ్మా, మా అచ్చు ఫోటో తీసుకుని వేస్తారు. కొనేవాళ్ళకి తేడా ఏం తెలుస్తుంది, తెలిసినా ఎవరడుగుతారు" అన్నారు. ఫినిషింగ్ ఎవరికి లేదో నాకర్థమైంది, ఆయనకైతే కాదు.

రాయి సంగతి కూడా చెప్పి ముందుకెళ్తాను. తావెర్నియే అనే వ్యాపారి మన కొల్లూరు గనుల వైపు నుంచి తెచ్చిన నీలి వజ్రాన్ని 1668-69లో లూయీకి అమ్మాడు, 1673లో దాన్ని మళ్ళీ సానబట్టించారు, ఫ్రెంచ్ బ్లూ అని పేరొచ్చింది. ఫ్రెంచి విప్లవంలో 1792లో దొంగతనమైపోయింది, ఇప్పుడు వాషింగ్టన్‌లో హోప్ డైమండ్ పేరుతో ఉన్నది అందులోంచి కోసిన ముక్కే. పారిస్ లూవ్ర్ మ్యూజియం వాళ్ళ రీజెంట్ వజ్రమూ గోల్కొండ సరుకే. ఆ నీలి వజ్రం ఇక్కడిదే, మళ్ళీ సానబట్టింది మాత్రం పారిస్‌లో, పేరు కూడా పారిస్‌దే.

వంట మాత్రం కోల్బేర్ లెక్కకి రాదు

నా థియరీకి అడ్డం తిరిగేది వంట. ఇక్కడ గవర్నమెంటు కార్ఖానాలు లేవు, ఇన్‌స్పెక్టర్లు సాసుల్లో వేలు పెట్టలేదు.

ముందు ఒక పుక్కిటి పురాణం తీసేద్దాం. 1533లో ఫ్లారెన్స్ నుంచి కేథరిన్ డి మెడిచి పెళ్ళికూతురై వస్తూ వంటవాళ్ళని తెచ్చింది, అప్పట్నుంచే ఫ్రెంచి వాళ్ళకి వంట వచ్చింది అంటారు. వచ్చినప్పుడు ఆ పిల్లకి పద్నాలుగేళ్ళు, ఆ తర్వాత వందేళ్ళు ఫ్రెంచి వంటలో పెద్ద మార్పేమీ కనపడదు. అసలు మార్పు 1651లో లా వరెన్ అనే వంటమాస్టరు పుస్తకం అచ్చయినప్పట్నుంచి తెలుస్తుంది. అంతకు ముందు వాళ్ళ పెద్దిళ్ళ కూరల్లో దాల్చినచెక్క, అల్లం, కుంకుమపువ్వు, పులుపూ తీపీ కలిపి దట్టించేవాళ్ళు, మనకి నోరూరే వంటే అది. మసాలాలు ఓడల మీద దండిగా వచ్చి అందరికీ అందేసరికి గొప్పవాళ్ళకి మోజు పోయింది. వెన్న, ఉప్పు, నాలుగు ఆకులు, మాంసం తన రుచి తనే చెప్పాలి అనే దగ్గరికొచ్చారు. మా మావయ్యగారు పారిస్‌లో వారం రోజులు "ఏమిటే ఈ చప్పిడి తిండి" అని ఆవకాయ పాకెట్ జేబులో పెట్టుకుని తిరిగారు, ఆ చప్పిడి కూడా గొప్ప కోసం ఎంచుకున్నదే అని చెబితే ఇంకా కోప్పడ్డారు.

అయితే వంటని కూడా పూర్తిగా దర్బారుకి దూరంగా చూడలేం. 1671 ఏప్రిల్‌లో షాంతిలీలో రాజుగారికి విందు, ఏర్పాట్లన్నీ చూసే వాతెల్ అనే ఆయన తెల్లారేసరికి రావాల్సిన చేపలు రాలేదని కత్తి మీద పడి చచ్చిపోయాడు. చేపలు కాసేపటికి వచ్చాయి. దీన్ని వృత్తిధర్మం అని పొగుడుతూ చెబుతుంటారు, నాకైతే ఆ స్తంభం నీడ ఇక్కడా కనబడుతుంది. రెస్టారెంట్లు కూడా విప్లవంలో తలలు పోయిన ప్రభువుల వంటవాళ్ళు పెట్టినవే అంటారు గానీ అవి 1760ల్లోనే పారిస్‌లో ఉన్నాయి, ఒంట్లో బాగోని వాళ్ళకి చారు అమ్మే చోట్లుగా. విప్లవం వాటిని పెంచింది, పుట్టించలేదు. తర్వాత కరేమ్ అనే వంటవాడు వచ్చాడు, 1814-15 వియన్నా చర్చల కాలంలో ఫ్రాన్స్ మంత్రి తాలెరాన్‌కి వంటంటే దౌత్యంలో ఆయుధం, కరేమ్ ఆయన దగ్గర పేరు తెచ్చుకున్నవాడే. యుద్ధంలో ఓడిన దేశం భోజనాల బల్ల మీద నిలదొక్కుకుంది.

పేరుకి కాపలా

ఆ తర్వాతదంతా కథ చెప్పుకోవడం. పారిస్ కుట్టుపనిని హోట్ కూట్యూర్‌గా, అంటే ఒక్కొక్కరి కొలతకి కుట్టే ఖరీదైన ఫ్యాషన్‌గా మార్చిన చార్ల్స్ వర్త్ ఇంగ్లీషువాడు, లింకన్‌షైర్‌లో పుట్టి 1845లో పారిస్ చేరి 1858లో షాపు పెట్టి, బట్టకి చిత్రకారుడిలా తన పేరు కుట్టడం మొదలెట్టాడు. హెర్మెస్ అనే లగ్జరీ కంపెనీ పెట్టిన తియెరీ పుట్టిన క్రెఫెల్ద్ ఇప్పుడు జర్మనీలో ఉంది. 1954లో కొన్ని లగ్జరీ కంపెనీలు కలిసి సంఘం పెట్టుకుని దానికి కొమితే కోల్బేర్ అని పేరు పెట్టుకున్నాయి. తమ ముత్తాత ఎవరో వాళ్ళకి బాగానే తెలుసు, ఇంటర్వ్యూల్లో మనకి మాత్రం రక్తం కబుర్లు.

డోమ్ పెరిన్యోన్ సంగతి చూడండి. 1638లో పుట్టి 1715లో పోయాడు, అచ్చం లూయీ లాగే. బుడగల షాంపేన్ కనిపెట్టింది ఈ సన్యాసే అని ప్రపంచమంతా నమ్ముతుంది. ఆయన పాపం బుడగలు రాకుండా చూసుకోడానికి తంటాలు పడ్డవాడు, బుడగలొస్తే సీసాలు పేలిపోయేవి. ఆ కథని 1821లో అదే మఠం తాలూకు ఇంకో సన్యాసి ప్రచారంలో పెట్టాడు, కంపెనీలు అందుకున్నాయి. పుట్టించిన కథే, కానీ షాంపేన్ అన్న పేరుకి కాపలా మాత్రం చట్టం కాస్తోంది. స్విట్జర్లాండ్‌లో వో రాష్ట్రంలో షాంపేన్ అనే ఊరు నిజంగా ఉంది, వందల ఏళ్ళుగా ద్రాక్ష పండించి బుడగలు లేని వైన్ చేసుకుంటున్నారు. స్విస్ ప్రభుత్వం యూరోపియన్ యూనియన్‌తో చేసుకున్న ఒప్పందం వల్ల 2004 నుంచి ఆ ఊరివాళ్ళు సీసా మీద తమ ఊరి పేరు రాసుకోకూడదు.

నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది, ఊరి పేరు ఊరికే లేకుండా చేయడం ఏమిటి. కానీ మన మచిలీపట్నం కలంకారీకి కూడా జీఐ ట్యాగ్, అంటే ఆ ఊరి సరుకుకే ఆ పేరు అనే చట్టబద్ధమైన గుర్తింపు ఉంది, ఆ ట్యాగ్ ఉండగానే పాలిస్టర్ మీద డిజిటల్ ప్రింట్ వేసి ప్యూర్ కలంకారీ అని బోర్డు పెట్టి మూడొందల యాభైకి అమ్మేస్తున్నారు, సుల్తాన్ బజార్లో నేనే చూశాను. స్తంభాలూ కొరడాలూ ఎవరికీ వద్దు, ఒక ఇన్‌స్పెక్టరు నెలకోసారి ఆ వీధిలో నడిచి ఇది పెడన సరుకేనా అని అడిగితే షాపులో ఏం చెబుతారో వినాలనుంది నాకు.